శోషణము వేరు, నిరోధము వేరు

“సౌండ్ ప్రూఫ్” అన్న మాట మీద నాకు కక్ష ఉన్నది. అది ఇంగ్లీషు మాట అయినందుకు కాదు, రెండు వేర్వేరు పనులను ఒకే మూటగా కట్టి అమ్ముకొనడానికి పనికివస్తున్నందుకు. పిల్లలకు నానార్థాలు చెప్పి బ్రతికినవాణ్ణి. ఒక పదానికి రెండర్థాలుండడం కావ్యంలో శ్లేష. బేరంలో మాత్రం అది మోసమే.

న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లో ఆరు నెలలున్నాను. అక్కడి ఇళ్ళకు నేల అడుగున బేస్‌మెంటు అని ఒక అంతస్తు ఉంటుంది. గోడలూ కప్పూ తీర్చి, తివాచీ పరచి ఉన్న ఆ గదే చలికాలంలో పిల్లలకు ఆటస్థలం, పెద్దలకు టీవీ చూసే చోటు, మా మనవడికి మృదంగశాల. దానికి సరిగ్గా పైన పడకగది. మా కోడలు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి అక్కడే పగలు నిద్రిస్తుంది. వాడు బడినుంచి వచ్చి, తొప్పికి రవ్వ పెట్టుకొని సాధనకు కూర్చునేసరికి ఆ నిద్ర కాస్తా చెడేది. తల్లి విసుగు, కొడుకు బెంగ, మధ్య మా అబ్బాయి మౌనం. ఇక మృదంగం మానిపించడమా అన్నంతవరకు వచ్చింది.

అప్పుడొక గుత్తేదారు వచ్చి, నాలుగు గోడలకూ ముళ్ళ ముళ్ళ నురగ పలకలు అతికించి, ఇక కింద పిడుగు పడినా పైకి వినబడదని సెలవిచ్చి, సొమ్ము తీసుకొని వెళ్ళాడు. మర్నాడు పైకి అంతా వినబడింది, మునుపటి కంటె ఎక్కువగానే! కింద గదిలో మాత్రం నాదం చచ్చిపోయింది. వలంతల మీద చాపు వేస్తే చెక్క మీద కొట్టినట్లుంది. తన వాద్యం తనకే వినబడక వాడు ఇంకా గట్టిగా కొట్టసాగాడు. వేళ్ళు వాచినవి, పైకి వెళ్ళే మోత పెరిగింది.

ఇందులో వింత లేదు. నురగ చేసే పని శోషణం. గదిలో పుట్టిన ధ్వని గోడకు తగిలి తిరిగి రాకుండా కొంత మ్రింగుతుంది, ప్రతిధ్వనిని తగ్గిస్తుంది. 1895లో హార్వర్డులో మాట తెలియని ఒక ఉపన్యాసశాలను బాగుచేయబూనిన సాబిన్ అనే ఆచార్యుడు మెత్తటి దిండ్లు మోయించి కొలిచినది దీనినే. ఆ గది లోపలి శ్రోతల కోసమే ఆయన పాట్లు. పక్కగదివారి నిద్ర కోసం కాదు. పక్కగదికి కావలసినది నిరోధం. దానికి బరువు కావాలి, సందులేని మూత కావాలి, ఈ వైపు కదలిక ఆ వైపుకు అందని ఎడబాటు కావాలి. దూదిపింజలాంటి నురగకు బరువెక్కడిది? గాలి దూరే పదార్థం ధ్వనినేమి ఆపుతుంది? కోడిగుడ్ల అట్టలు గోడలకు అతికించుకొని స్టూడియో అనుకొనేవారు మన ఊళ్ళలోనూ ఉన్నారు. అవి శోషణానికి సైతం పెద్దగా పనికిరావు.

ఒక పదాన్ని పట్టుకొని ఇంత రాద్ధాంతమెందుకంటారేమో. 2003 ఫిబ్రవరిలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని వెస్ట్ వార్విక్‌లో ఒక నైట్‌క్లబ్బు తగలబడి 100 మంది మరణించారు. వేదిక చుట్టూ గోడలకు అతికించిన పాలియురెథేను నురగకు బాణసంచా నిప్పురవ్వలు అంటుకొన్నవి. మోత బయటికి పోతున్నదని పొరుగువారు ఫిర్యాదు చేసినందున తెచ్చి అతికించిన నురగ అది! ఆపలేని దానిని ఆపుతుందని నమ్మి, మండే దానిని గోడలకు పూసుకొన్నారు. పిల్లలు ఆడుకొనే నేలమాళిగలో మా వాళ్ళు చేయబోయినదీ అదే. పలకల మీద అగ్నిపరీక్షకు సంబంధించిన ముద్ర ఏదీ లేదని నేను గమనించినది తరువాతనే. నా తప్పు నేను ఒప్పుకోవాలి.

రెండవసారి మరొకరిని పిలిచి, “సౌండ్ ప్రూఫ్” అన్న మాటను నోటరానీయకుండా పని చెప్పాము. కప్పు విప్పించి, దూలాల మధ్య రాక్‌వూల్ నింపించి, దూలాలకు నేరుగా తగలకుండా రబ్బరు కొక్కేల మీద పట్టీలు వేసి, వాటికి రెండు వరుసల జిప్సం పలకలు, నడుమ కంపనాన్ని హరించే జిగురు వేయించాము. బోలు తలుపు తీసేసి, నిండు చెక్క తలుపుకు చుట్టూ రబ్బరు అంచు పెట్టించాము. సందుల సంగతి అందరూ చులకన చేస్తారు. గోడలో నూరవ వంతు ఖాళీ ఉంటే, మిగిలినది కోటగోడ అయినా ధ్వని 20 డెసిబెళ్ళకు మించి తగ్గదు. గోడ బరువు రెట్టింపు చేసినా దక్కేది సుమారు 6 డెసిబెళ్ళే. చెవికి సగమైనట్లు తోచాలంటే 10 కావాలి. పైగా, వేడిగాలి గొట్టం ఈ గదినుంచి పడకగదికి తిన్నగా పోతున్నది, రహస్యాలు చెప్పుకొనే గొట్టంలాగ! దానిని మూయించలేదు, వంపులు తిప్పించి లోపల మెత్త వేయించాము. గ్యాసు కొలిమికి గాలి అందాలి గనుక దాని గది జోలికి పోలేదు. అపాయంలో బయటపడే కిటికీకి తగినంత ఖాళీ ఉండాలని అక్కడి నియమం. నిశ్శబ్దం కోసం దానిని పూడ్చమన్న సలహాదారులూ లేకపోలేదు!

ఖర్చు నురగకు పెట్టినదాని కంటె చాలా ఎక్కువైనది. తొప్పి నాదం ఇంకా సన్నగా పైకి వస్తూనే ఉన్నది. నిరోధశక్తికి వర్తకులు చెప్పే ఎస్.టి.సి. అంకె 125 హెర్ట్జులకు దిగువనున్న గంభీరధ్వనులను లెక్కలోనికే తీసుకోదు; ఆ సంగతి వారు చెప్పరు. అయినా కోడలు నిద్రపోతున్నది. నురగ తీసేసిన గోడకు పుస్తకాల బీరువా చేర్చాము. గదికి మళ్ళీ కొంత నాదం వచ్చింది. వాడు మెల్లగా వాయించడం తిరిగి నేర్చుకొంటున్నాడు.

రెండవ గుత్తేదారు పంపిన బిల్లులోనూ “సౌండ్ ప్రూఫింగు” అనే వ్రాసి ఉన్నది. దిద్దించమన్నాను. “నాన్నగారూ, పని బాగానే చేశాడు గదా, వదిలేయండి” అన్నాడు మా అబ్బాయి. శోషణం, నిరోధం అన్నవి వాడుకకు బరువనిపిస్తే, వీటికి తేలికైన అచ్చతెలుగు జంట ఎవరికైనా తోచినదా? నాకు “మ్రింగుడు, అడ్డుడు” వరకే తోచినది. రెండవది నాకే నచ్చలేదు.