ముందు నోట్‌బుక్కు... తర్వాతే చాట్‌బాట్

తొమ్మిదో తరగతి చదివే పాప లెక్కను ఫొటో తీసి చాట్‌జీపీటీకి పెడుతుంది. నిమిషంలో జవాబు వస్తుంది, నోట్‌బుక్కులోకి ఎక్కుతుంది. హోంవర్కు పూర్తయిందని మీరూ నిశ్చింతగా ఉంటారు. కానీ పాపకు లెక్క వచ్చినట్టేనా?

తుర్కియేలో 2023లో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థులతో దీన్నే పరీక్షించి చూశారు. లెక్కల సాధనలో మామూలు చాట్‌బాట్ వాడిన వాళ్లు, వాడని వాళ్ల కంటే 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే 17 శాతం వెనకబడ్డారు. అయినా తాము తక్కువ నేర్చుకున్నామని వాళ్లకు అనిపించలేదు! జవాబు చెప్పకుండా సూచనలే ఇచ్చేలా తయారుచేసిన చాట్‌బాట్ వాడిన పిల్లలకు మాత్రం ఆ నష్టం దాదాపు లేదు.

ఒక వైద్యుడిగా నాకిందులో ఆశ్చర్యం లేదు. విరిగిన చేతికి వేసిన పిండికట్టు కొన్ని వారాల తర్వాత విప్పితే కండ సన్నబడి ఉంటుంది. పని లేని కండ అంతే. చదువూ అలాంటిదే. గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడినప్పుడే జ్ఞాపకం గట్టిపడుతుంది. ఆ కష్టం ఫోన్ పడితే ఫలితం పిల్లలకు దక్కదు.

అలాగని ఫోన్ లాక్కోమని నేను చెప్పను. పదో తరగతి లెక్కలు చెప్పగల పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉండరు. అర్థం కాని పాఠాన్ని విసుక్కోకుండా పదిసార్లు చెప్పే సాయం చిన్నదేమీ కాదు. మార్చాల్సింది వరస.

ముందు పది నిమిషాలు కాగితం మీద సొంతంగా ప్రయత్నించాలి. ఆ తర్వాతే అడగాలి. అదీ 'జవాబు చెప్పొద్దు, నేనెక్కడ తప్పానో చూపించు' అని. చాట్‌బాట్ తప్పును కూడా ధీమాగా చెబుతుంది కాబట్టి పాఠ్యపుస్తకంతో సరిచూసుకోవాలి. చివరగా ఫోన్ పక్కన పెట్టి మీకు వివరించమనండి. మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ తడబడుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది.

తరగతి గదిలో ఈ పరికరాలకు కనీస వయసు 13 ఏళ్లు ఉండాలని యునెస్కో 2023లో సూచించింది. ఇంట్లోనూ అదే పాటిస్తే మంచిది. పేరు, స్కూలు, ఫొటోలు, మెడికల్ రిపోర్టులు అందులో పెట్టకూడదని పిల్లలకు ముందే చెప్పండి. రాత్రి నిద్రకు ముందే ఫోన్ మీ దగ్గరికి రావాలి. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులతో పాటు ఇంకో మాట కూడా అడగండి: 'ప్రాజెక్టు తెచ్చిన పిల్లాడితో దాని గురించి రెండు నిమిషాలు మాట్లాడిస్తున్నారా?' అందమైన ప్రాజెక్టు ఇప్పుడు ఎవరైనా తేగలరు. అందులో ఏముందో చెప్పగలిగితేనే అది చదువు.