నారు మాడితే తప్పు రైతుదేనా?

ట్రేలో నారు మాడితే చాలు, ‘నీళ్లు సరిగా పెట్టలేదు’ అని నెపం రైతు మీదికి నెడుతున్నారు. ట్రేలో నింపిన కోకోపీట్ ఎలాంటిదని అడిగేవారు లేరు.

కొబ్బరి పొట్టులో సోడియం, పొటాషియం, క్లోరైడు లవణాలు సహజంగానే ఉంటాయి. పీచును ఉప్పునీటిలో నానబెట్టిన చోట ఇంకా ఎక్కువ. మంచినీళ్లతో కడగాలి. కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి మళ్లీ కడిగితేనే పొట్టుకు అంటుకున్న సోడియం వదులుతుంది. దీనికి నీళ్లూ, కూలీ, రోజులూ కావాలి. ఆ ఖర్చు మిగుల్చుకునే వ్యాపారి కడగని సరుకు మనకు అంటగడుతున్నాడు. కడిగే పని, పోయిన విత్తనం ఖర్చు రెండూ మన నెత్తినే!

ఎగుమతి సరుకు కొనేవాడు ఈసీ ఎంతో చూసి మరీ కొంటాడు, 0.5 మిల్లీసీమెన్స్ లోపుంటేనే ‘తక్కువ ఈసీ’ సరుకంటాడు. ఎరువు బస్తాపై పోషకాల శాతం ఉండాలని 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. మరి కోకోపీట్ దిమ్మెపై ఈసీ, పీహెచ్ అంకెలు ఎందుకుండవు?

పాలీహౌస్‌కు సబ్సిడీ ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు. దిమ్మెపై ఈసీ ముద్రణ తప్పనిసరి చేయాలి. భూసార పరీక్ష కేంద్రాల్లో పొట్టును ఉచితంగా పరీక్షించాలి. అంతవరకు అంకె లేని దిమ్మె కొనొద్దు, బిల్లు లేకుండా అసలే కొనొద్దు.