నేపాల్ రాజ్యాంగ చర్చలో దళితుల లెక్క

2025 సెప్టెంబర్‌లో యువత తిరుగుబాటు నేపాల్ ప్రభుత్వాన్ని కూల్చింది. దాంతో పదేళ్ల నాటి చర్చ మళ్లీ మొదలైంది: 2015 రాజ్యాంగాన్ని సవరించాలా, పక్కనపెట్టి కొత్తది రాసుకోవాలా? రాచరికం తిరిగి రావాలనేవాళ్లూ, ప్రధానిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలనేవాళ్లూ గట్టిగా మాట్లాడుతున్నారు. జనాభాలో 13 శాతానికి పైగా ఉన్న దళితుల మాట అంతగా వినిపించడం లేదు.

ఆ రాజ్యాంగం ఆమోదం పొందిన తీరు గుర్తుచేసుకోవాలి. 2008లో ఎన్నికైన మొదటి రాజ్యాంగ సభ ఏదీ తేల్చకుండానే 2012లో రద్దయింది. రెండో సభ కాలంలో, 2015 ఏప్రిల్ భూకంపం తర్వాత, నాలుగు పార్టీల నేతలు 16 అంశాల ఒప్పందానికి వచ్చారు. అక్కడి నుంచి అంతా హడావుడే. సెప్టెంబర్ 16న 507 మంది అనుకూలంగా, 25 మంది వ్యతిరేకంగా ఓటేశారు. మధేశీ పార్టీలు ఓటింగ్‌ను బహిష్కరించాయి. రెఫరెండం జరగలేదు.

1854 నాటి ములుకీ ఐన్ అంటరానితనాన్ని చట్టంగా రాసుకున్న దేశమది. అక్కడ 24వ అధికరణం అంటరానితనాన్ని నిషేధించింది. భూమిలేని దళితులకు ఒకసారి భూమి, ఇల్లులేనివారికి ఇల్లు, ఉన్నత విద్య దాకా స్కాలర్‌షిప్‌తో ఉచిత చదువు ఇవ్వాలని 40వ అధికరణం చెబుతోంది. ఇవి చిన్న విజయాలు కావు.

అయితే హక్కులు ఒక చేత్తో ఇచ్చి, అధికారం మరో చేత్తో లాక్కున్నారు. 2008 సభలో 601 స్థానాలకు 335 దామాషా పద్ధతిలో నిండాయి. కొత్త ప్రతినిధుల సభలో 275కు దామాషా స్థానాలు 110 మాత్రమే. ఆ దామాషా జాబితాలోనూ బ్రాహ్మణ, క్షేత్రి వంటి ఆధిపత్య కులాలను 'ఖస్ ఆర్య' పేరుతో చేర్చారు. 2022లో 165 ప్రత్యక్ష స్థానాల్లో గెలిచిన దళితుడు ఒక్కడే.

దళితుల్లో సమర్థులు లేరా? ప్రతి వార్డులో ఒక దళిత మహిళా సభ్యురాలు ఉండాలని స్థానిక ఎన్నికల చట్టం చెప్పింది. 2017లో ఆరు వేలకు పైగా దళిత మహిళలు గెలిచారు. చట్టం తప్పనిసరి చేస్తే పార్టీలకు అభ్యర్థులు దొరుకుతారు. చేయకపోతే దొరకరు.

అందుకే రాజ్యాంగాన్ని రద్దు చేయాలనే నినాదం దళితులకు ప్రమాదకరం. 40వ అధికరణం కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది. కావలసింది సవరణ: దామాషా వాటా పెంచాలి, ఆ జాబితా నుంచి ఆధిపత్య కులాలను తీసేయాలి, భూ పంపిణీకి గడువు పెట్టాలి. రిజర్వుడు నియోజకవర్గాలు అడిగేటప్పుడు పూనా ఒప్పందం తర్వాతి మన అనుభవాన్నీ చూడాలి. అభ్యర్థి దళితుడైనా, గెలుపు ఇతరుల ఓట్ల మీద ఆధారపడితే అతను ఎవరికి జవాబుదారీ అవుతాడు? సవరణ ముసాయిదా రాసే బల్ల దగ్గర ఈ ప్రశ్న అడగడానికైనా దళితులు కూర్చోవాలి.