ఉగ్రస్తంభ మార్గమున వెనుదిరిగిన యాత్రికుడు

కాచిగూడలోని మా ఆలయమునకు ఇటీవల ఒక యువకుడు ఖిన్నవదనముతో వచ్చెను. "స్వామీ, అహోబిలములో ఉగ్రస్తంభము సమీపమునకు పోయియు వర్షము వలన వెనుదిరిగితిని. నా యాత్ర నిష్ఫలమా?" అని అడిగెను.

కాదని నా నిశ్చితాభిప్రాయము.

ఎగువ అహోబిలము దాటిన పిదప, గరుడాద్రి వేదాద్రుల నడుమ, అచలచ్ఛాయామేరువుపై జ్వాలానృసింహుడు వేంచేసియున్నాడు. ఉగ్రస్తంభమునకై అంతకంటెను పైకి పోవలెను. దారి నిటారైనది, ప్రక్కన లోయ. తడిసిన రాతిపై కాలు జారినచో ఆపు గోడ లేదు. స్తంభము చీలి స్వామి ఆవిర్భవించిన చోటు ఇదియేనని భక్తుల విశ్వాసము. అయినను ఇది నవనారసింహ క్షేత్రముల గణనలో చేరదు. ఆ తొమ్మిది సన్నిధులను సేవించిన వానికి శిఖరారోహణము విధి కాదు.

తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రమును దుర్గమమని కీర్తించెను. ఆ దుర్గమత్వము మన అహంకారమును కరగించుటకే గాని పెంచుటకు కాదు. నేనును యౌవనమున, తోటివారు వలదన్నను వినక, తడి రాళ్ళపై అచటికి ఎక్కితిని. దిగిన పిదప పలుమార్లు చెప్పుకొనినది నా సాహసమునే, స్వామి దర్శనమును కాదు.

ప్రహ్లాదుడు స్వామికై ఏ కొండయు ఎక్కలేదు. తానున్న చోటనే దర్శించెను. శరీరము ధర్మసాధనము. దానిని కాపాడుకొనుటయు స్వామిసేవయే.

నాయనా, వాన వెలిసిన దినమున, దారి తెలిసిన స్థానికుని తోడు తీసుకొని మరల వెళ్ళుము. అప్పుడును మేఘము క్రమ్మినచో, నిలిచిన చోటనే నమస్కరించి దిగుము.