చుక్కల్లో చుట్టపుచూపు

జే మెక్‌నీల్ వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త కాదు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 2004 జనవరి 23 రాత్రి ఇంటి పెరట్లో మూడంగుళాల టెలిస్కోపు పెట్టుకుని ఎం78 అనే నిహారికను ఫొటో తీశారు. మన పంచాంగంలోని మృగశిర, ఆరుద్ర ఉన్న ఒరయన్ మండలంలోనే ఉంటుందది. వేలమంది తీసిన బొమ్మే. కానీ ఆయన ఫొటోలో ఒక పక్కన చిన్న తోకలాంటి మచ్చ కనిపించింది. అది ఏ పటంలోనూ లేదు.

దానికి మెక్‌నీల్ నిహారిక అని పేరు పెట్టారు. నిజానికి ఆ మబ్బు కొత్తగా పుట్టిందేమీ కాదు. దాని కొసన వి1647 ఒరయానిస్ అనే పసి నక్షత్రం ఉంది. అది ఒక్కసారిగా ప్రకాశించడంతో చుట్టూ ఉన్న ధూళి కంటపడింది, వీధి దీపం వెలిగితే పొగమంచు కనిపించినట్టు. పసి నక్షత్రాలు తమ చుట్టూ పళ్లెంలా తిరిగే వాయువును, ధూళిని తింటూ పెరుగుతాయి. అయితే తిండి వేళలంటూ లేవు. చాలాకాలం కొసరి కొసరి తిని, ఉన్నట్టుండి ఆబగా మింగుతాయి. అప్పుడే ఈ వెలుగు. మన సూర్యుడి పసితనం కూడా ఇలాగే గడిచి ఉండొచ్చు.

అసలు విడ్డూరం పాత ఆల్బంలో బయటపడింది. 1966 అక్టోబర్‌లో ఎవెరెడ్ క్రైమర్ అనే మరో ఔత్సాహికుడు తీసిన ఎం78 ఫొటో తర్వాతి కాలంలో 'మెసియర్ ఆల్బం' అనే పుస్తకంలో అచ్చయింది. అదే మచ్చ అందులోనూ ఉంది! ఎన్నో ఇళ్ల అల్మరాల్లో ఉన్న పుస్తకమది. తేదీ ఉండబట్టే ఆ బొమ్మ సాక్ష్యమైంది. నక్షత్రం అప్పుడూ ఓసారి చెలరేగిందని తేలింది.

2006 నాటికి నిహారిక మసకబారి మాయమైంది. 2008లో మళ్లీ వెలిగినప్పుడు ఆ సంగతి చెప్పిన వారిలో జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇటగాకి ఒకరు. ఆపైన ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు లడఖ్‌లోని హాన్లే టెలిస్కోపుతో, పుణె దగ్గరి గిరావళి టెలిస్కోపుతో దాన్ని ఏళ్ల తరబడి గమనించారు. 2018లో అది మళ్లీ కనుమరుగైంది.

పెద్ద టెలిస్కోపుల్లో ఒక్క రాత్రి దొరకాలన్నా దరఖాస్తులు, పోటీ తప్పవు. ఏమీ కనిపించని నల్లటి మూలను చూస్తూ కూర్చుంటామంటే సమయం కేటాయించడం కష్టం. ఆ కాపలా కాసేది ఏటా చలికాలంలో సరదాకొద్దీ ఎం78ను ఫొటో తీసేవాళ్లే. చిక్కేమిటంటే వారిలో చాలామందికి రంగుల మీదున్న మోజు తేదీ మీద ఉండదు. నాలుగేళ్ల బొమ్మలను కలగలిపి ఒకే అందమైన చిత్రంగా మలిచారంటే, మధ్యలో జరిగిన మార్పంతా అందులోనే కరిగిపోతుంది.

ఒరయన్ నడుముపట్టీలోని తూర్పు చివరి చుక్కకు ఈశాన్యంగా ఎం78 ఉంటుంది. దానికి నైరుతిగా, చంద్రబింబం వెడల్పులో సగంకన్నా తక్కువ దూరంలో మెక్‌నీల్ మచ్చ చోటు. ఈసారి కెమెరా బిగించేవారు ఆ మూలను కూడా ఫ్రేములోకి రానిస్తే చాలు. ఖాళీగా ఉన్నా సరే, తేదీ వేసి దాచాలి.