ఉంగరం లేని శకుంతల

శకుంతల అనగానే మనకు పోయిన ఉంగరం, దుర్వాసుడి శాపం, కాలిలో ముల్లు తీసుకునే మిషతో వెనక్కి చూసే రవివర్మ బొమ్మ గుర్తొస్తాయి. ఈ మూడింటిలో ఒక్కటీ మహాభారతంలో లేదు. ఆదిపర్వంలో ఉన్నది వేరే మనిషి.

పెంచిన తండ్రి కణ్వుడు లేని వేళ వచ్చిన రాజు దుష్యంతుడికి ఆ శకుంతల తన పుట్టుక కథ తానే చెబుతుంది. కాళిదాసు నాటకంలోలా చెలికత్తెలు చెప్పాల్సిన పని లేదు. తన కడుపున పుట్టినవాడే యువరాజు కావాలని షరతు పెట్టి, రాజు ఒప్పుకున్నాకే గాంధర్వ వివాహానికి సరే అంటుంది. ఏళ్లు గడిచాక కొడుకును వెంటబెట్టుకుని సభకు వెళ్తే, నువ్వెవరో ఎరగనంటాడు దుష్యంతుడు. అంతటితో ఆగక ఆమె తల్లి మేనకను కూడా తూలనాడతాడు. ఇక ఆమె ఊరుకోదు. ఇతరుల తప్పు ఆవగింజంతైనా కనిపిస్తుంది, నీది మారేడుకాయంతైనా కనపడదా అని నిలదీస్తుంది. పుట్టుకలో నీకంటే నేనే మిన్న అంటుంది. నువ్వు ఒప్పుకోకపోయినా నా కొడుకు భూమినేలుతాడని చెప్పి వెనుదిరుగుతుంది.

11వ శతాబ్దిలో నన్నయ ఈ కథను తెలుగు చేసేనాటికి కాళిదాసు ఎన్నో వందల ఏళ్లుగా ప్రసిద్ధుడు. అయినా నన్నయ ఆ ఉంగరం జోలికి పోలేదు. రాజు బొంకాడని ఒక ఆడది నిండు సభలో అనడం రాజరాజనరేంద్రుడి కొలువులోనే వినిపించాడు. నూరు నూతులకంటే ఒక బావి మేలంటూ సాగే ఆ పద్యాన్ని మనం బడిలో నీతిపద్యంగా బట్టీ పట్టాం. అబద్ధమాడుతున్న మొగుణ్ణి సత్యవ్రతుడా అని పిలుస్తూ భార్య పొడిచిన పోటు అది అని ఏ మాస్టారైనా చెప్పారా?

ఇంతకీ శాపం వల్ల మేలెవరికి? భారతంలో దుష్యంతుడు ఏదీ మరిచిపోలేదు. ఆమె మాట నిజమని ఆకాశవాణి పలికాక, లోకనిందకు జంకి బొంకానని తానే ఒప్పుకుంటాడు. ఆ పిరికితనాన్ని కాళిదాసు మరపుగా మార్చాడు. ఆ మరపుకు కారణమేమో వాకిట్లో అతిథిగా నిలిచిన దుర్వాసుణ్ణి గమనించని శకుంతల పరధ్యానమట! రాజు తప్పు కాస్తా ఆమె నెత్తిన పడింది. కాళిదాసు శకుంతల కూడా సభలో రాజును అనార్యుడని తిడుతుంది, కాదనను. కానీ రాజుకు నిజం తెలిసింది ఆమె మాట వల్ల కాదు, చేప కడుపులోంచి బయటపడ్డ ఉంగరం వల్ల. పిల్లలమర్రి పినవీరభద్రుడు రెండు కథలనూ కలిపి శృంగార శాకుంతలం రాశాడు. మన సినిమాలకు మాత్రం 1966లోనైనా 2023లోనైనా ఉంగరమే ముద్దొచ్చింది.

అలాగని వ్యాసుడి శకుంతలను ఇప్పటి స్త్రీవాదిని చేసెయ్యనక్కర్లేదు. ఆమె వాదన భార్య విలువ, కొడుకు విలువ చుట్టూనే తిరుగుతుంది. తనకంటూ ఏమీ అడగదు. ఇంత వాదించినా చివరికి చెల్లింది ఆకాశవాణి మాటే. అన్నిటికంటే నన్ను గుచ్చేది ఆ తర్వాతి ముక్క. దుష్యంతుడు తన బొంకుకు సంజాయిషీ చెప్పుకుని, నువ్వు కోపంలో ఆడిన పరుషాలను క్షమించానంటాడు. క్షమించడం అతని వంతైంది! చీరలిచ్చి, అన్నపానాలతో గౌరవిస్తాడు. అంతసేపు మాటకు మాట అప్పజెప్పిన మనిషి దీనికేమందో వ్యాసుడు రాయలేదు. శకుంతల కథను తిరగరాయాలనుకునే మన రచయితలు ఉంగరాన్ని కాసేపు పక్కనబెట్టి ఆ జవాబేదో రాసి పంపితే, ముందు పేజీల్లోనే వేస్తాం.