చైత్రంలో మంచు మీద

పిల్లలూ, మన తెలుగులో "మంచు" అనే మాట ఒక్కటే ఉన్నది, కాని దాని చేత మనం నాలుగు పనులు చేయిస్తాం. ధనుర్మాసంలో తెల్లవారుజామున కృష్ణ అవతలి గట్టు కనపడకపోతే "మంచు పట్టింది" అంటాం. గడ్డిపరక మీద నీటిబొట్టు నిలిస్తే అదీ మంచే. చేపల బుట్టలో వేసే గడ్డ కూడా మంచే. హిమాలయాల మీద దూదిపింజల్లాగా రాలేదీ మంచే. మొదటి మూడింటినీ విజయవాడ వన్ టౌన్‌లో పెరిగే పిల్లలందరూ చూసే ఉంటారు. నాలుగోది ఇంద్రకీలాద్రి మీద పడినట్టు మీ తాతగారు కూడా విని ఉండరు.

ఈ నెల ఆ నాలుగో మంచు సంగతి చెబుతాను. అదీ నడి చలికాలంలో సంగతి కాదు. మన బజారులోకి ఉగాది పచ్చడి కోసం వేపపువ్వు వచ్చే రోజుల్లో, ఆ మంచు సెలవు తీసుకోబోయే ముందు సంగతి.

కాశ్మీరంలో, శ్రీనగరుకు సుమారు 50 కిలోమీటర్ల దూరాన గుల్‌మార్గ్ అనే ఊరున్నది. సముద్రమట్టానికి అది సుమారు 8,700 అడుగుల ఎత్తు. కొండ ఎక్కేకొద్దీ గాలి చల్లబడుతుంది. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుందని లెక్క. పైగా ఆ ఊరు మనకు చాలా ఉత్తరాన ఉన్నది. అందుచేత చలికాలమంతా అక్కడ అడుగుల లెక్కన మంచు పేరుకుంటుంది. దాని మీద జారే ఆట కోసం 1927లోనే ఇంగ్లీషువాళ్ళు ఒక క్లబ్బు పెట్టారు. ఇప్పుడైతే తీగ మీద వేళ్ళాడుతూ నడిచే పెట్టెలున్నాయి. వాటిలో కూర్చుంటే కొంగ్‌డూరి అనే చోటికీ, అక్కడినించి ఇంకో తీగ మీద అఫర్వత్ కొండ భుజం దాకా, సుమారు 13 వేల అడుగుల ఎత్తుకు పోవచ్చు.

మీరెప్పుడైనా కాలువ గట్టు మీద తాటిమట్ట వేసుకుని, దాని మీద కూర్చుని కిందికి జారారా? లాగు చిరిగి ఇంట్లో చీవాట్లు తిన్నారా? అయితే ఈ ఆట మీకు సగం తెలిసినట్టే. దీన్ని "స్కీ" అంటారు. తాటిమట్టకు బదులు రెండు పొడుగాటి, సన్నని పలకలు ఉంటాయి. కాలికొకటి బిగించుకుని, చేతిలో రెండు కర్రలు పట్టుకుని, నిలబడి జారాలి.

తాటిమట్ట ఆటకు వేళంటూ లేదు. చైత్రంలో స్కీ ఆటకు మాత్రం వేళే ప్రాణం. ఎందుకో వినండి.

ఆ రోజుల్లో పగలు ఎండ బాగా కాస్తుంది. పై మంచు కాస్త కరిగి నీరవుతుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేలలోని వేడి పైకి పోయి, ఆ నీరు మళ్ళీ గడ్డకడుతుంది. కనక తెల్లవారే సరికి కొండంతా రాయిలాగా ఉంటుంది. పలకలు దాని మీద బరబరమని గీసుకుపోతాయి గాని పట్టు దొరకదు. పడితే మోచేతులు పగులుతాయి. తెలిసినవాళ్ళు అప్పుడు తొందరపడరు, నింపాదిగా టీ తాగుతూ కూర్చుంటారు.

పొద్దెక్కి తొమ్మిదీ పదీ అయ్యేసరికి పైన ఒక అంగుళం మేర మెత్తబడుతుంది. కరగటం, గడ్డకట్టటం రోజూ జరిగి జరిగి, ఆ మంచు దూదిలాగా ఉండటం మానేసి గుండ్రటి పలుకులుగా మారి ఉంటుంది. మన రాళ్ళ ఉప్పు కుప్పను తలుచుకోండి, అచ్చం అలాగే. కింద గట్టి, పైన పలుకులు! ఇంతకన్నా సుఖంగా జారే మంచు ఏడాది మొత్తంలో ఉండదని ఆ ఆటగాళ్ళు అంటారు. ఈ సుఖం ముందు తూర్పు ముఖంగా ఉన్న వాలుకు వస్తుంది, తరవాత దక్షిణపు వాలుకు, ఆ తరవాత పడమటి వాలుకు. మే నెలలో మన అవ్వలు నీడను బట్టి మంచాన్ని జరుపుకుంటారు చూడండి, వాళ్ళు ఎండను బట్టి కొండ మార్చుకుంటారు!

మధ్యాహ్నం అయిందా, కథ మారుతుంది. మంచు జావలాగా అవుతుంది. కాలు మోకాలి దాకా దిగబడుతుంది. తడిసిన గచ్చుకు అరిటాకు అంటుకున్నట్టు పలకలు నీటికి అంటుకుపోతాయి. అది చిరాకు మాత్రమే, అసలు ప్రమాదం వేరే ఉన్నది. కరిగిన నీరు లోపలికి ఇంకి, మంచు పొరల మధ్యకు చేరుతుంది. పొరకూ పొరకూ ఉన్న పట్టు సడలిపోతుంది. అప్పుడు నిటారు వాలు మీది మంచంతా ఒక్కసారిగా తెగి కిందికి రావచ్చు. దాని కింద పడ్డ మనిషి ఊపిరాడక పోతాడు. అందుకే పెద్దవాళ్ళు మధ్యాహ్నం దాటకముందే అటువంటి వాలు దిగిపొమ్మంటారు. "ఇంకా బోలెడంత ఎండ ఉన్నదిగా!" అని పిల్లలు గునుస్తారు. ఎండ ఉన్నది గనకనే దిగమంటున్నారు మరి!

అసలు మంచు మీద ఎందుకు జారుతాం? మనిషి బరువు నొక్కి మంచును కరిగిస్తుందనీ, ఆ నీటి మీద జారుతామనీ చాలా కాలం పాఠాల్లో చెప్పారు. కాని స్కీ పలకలు పొడుగాటివి, బరువు వాటి మీద పరుచుకుపోతుంది. మంచు కరిగే వేడిమిని ఒక్క డిగ్రీ తగ్గించాలంటేనే గాలి ఒత్తిడికి నూరు రెట్లకు పైగా ఒత్తిడి కావాలి! అంత బరువు ఏ పిల్లవాడికుంటుంది? 1939లో బౌడన్, హ్యూస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి, పలకకూ మంచుకూ రాపిడి వల్ల పుట్టే వేడే పల్చని నీటిపొరను తయారు చేస్తున్నదని చూపారు. అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకోండి, ఆ వేడి మీకే తెలుస్తుంది. ఆ నీటిపొర పల్చగా ఉన్నంతసేపే జారటం. మధ్యాహ్నం నీరు ఎక్కువైతే అదే పట్టుకుంటుంది.

మరి అంత ఎండలో మంచంతా ఒక్కరోజులో ఎందుకు కరిగిపోదు? ఒక గ్రాము మంచును కరిగించటానికి 80 కేలరీల వేడి కావాలి. ఒక గ్రాము చన్నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచటానికి ఎంత వేడి కావాలో అంత వేడీ కరగటానికే ఖర్చవుతుంది. పైగా కొత్త మంచు తన మీద పడ్డ వెలుగులో నూటికి 80 పాళ్ళకు పైగా వెనక్కి కొట్టేస్తుంది. నల్లద్దాలు లేకుండా అక్కడ తిరిగితే కళ్ళు మండి, చూపు కొన్నాళ్ళు చెడుతుంది. ఎండ కింది నుంచి కూడా కొడుతుంది గనక గడ్డం అడుగున చర్మం కూడా కమిలిపోతుంది!

ఆ కరిగిన నీరంతా వాగుల్లో పడి జీలం నదికి చేరుతుంది. అందుచేత వసంతంలో, మనకు ఏర్లు ఎండే రోజుల్లో, జీలం నిండుతుంది. మన కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం సుమారు 4,400 అడుగుల ఎత్తే. అక్కడ వానలు విపరీతం, మంచుకొండలు మాత్రం లేవు. కనక కృష్ణకు వరద వానాకాలంలో వస్తుంది, వేసవిలో ఆదుకునే మంచు దానికి లేదు. ఉత్తరాన కొండలు చేసే దాపుడు పని ఇక్కడ నాగార్జునసాగరం వంటి జలాశయాలు చెయ్యాలి.

ఆ దాపుడు కొండలు కూడా ఈమధ్య మాట తప్పుతున్నాయి. గుల్‌మార్గ్‌లో 2025 ఫిబ్రవరి 22న మొదలు కావలసిన ఖేలో ఇండియా శీతాకాలపు పోటీలు మంచు చాలక వాయిదా పడి, మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి. ఆ ఊరి పిల్లలకు ఇది ఆట ఒక్కటే కాదు, అన్నం కూడా. పలకలు అద్దెకిచ్చేవాళ్ళు, నేర్పేవాళ్ళు అందరూ దీని మీదే బతుకుతారు. అటువంటి స్కీ దుకాణం నడిపిన తండ్రి దగ్గర నాలుగేళ్ళ వయసులో జారటం నేర్చుకున్న ఆరిఫ్ ఖాన్, 2022లో బీజింగ్ శీతాకాలపు ఒలింపిక్స్‌కు భారతదేశం తరఫున ఒక్కడే వెళ్ళాడు. ఒక పందెంలో 45వ వాడుగా వచ్చాడు, రెండోది పూర్తి చెయ్యలేకపోయాడు.

ఈ ఆదివారం మీరు ఒక పని చెయ్యండి. ఒకే సైజు మంచుముక్కలు రెండు తీసుకుని రెండు పళ్ళాల్లో పెట్టండి. ఒకదాని మీద తెల్లగుడ్డ, ఇంకోదాని మీద అంతే మందం గల నల్లగుడ్డ కప్పి, డాబా మీద ఎండలో ఉంచి గడియారం చూడండి. (అమ్మగారూ, చెప్పులు తొడిగి పంపండి, మన ఊరి ఎండ మీకు తెలుసుగా.) తరవాత ఇంకో రెండు ముక్కలు తెచ్చి, ఒకదాని మీద చిటికెడు బొగ్గుపొడి చల్లి చూడండి. ఏది ముందు కరిగిందో నేను చెప్పను. మీరు చూసి, ఎన్ని నిమిషాలు పట్టిందో నాకు వ్రాయండి.